కొత్త మేనేజరు మొదటి మాట

"గుడ్ మార్నింగ్ ఎవ్రీబడీ! ఐ యామ్ యువర్ న్యూ మేనేజర్!"

రైలు కిటికీకి చెప్పింది మంజు.

కిటికీ ఉలకలేదు, పలకలేదు. ఎదురు సీట్లో పెద్దావిడ మాత్రం పక్కున నవ్వింది. పెనుకొండలో ఎక్కిందావిడ. నీలం నేత చీర, ఒళ్లో చేతిసంచి.

"ఎవురికి తల్లీ ఆ ఉపన్యాసం?"

మంజు సిగ్గుతో చచ్చిపోయింది. అయినా నోరాగితేనా!

ధర్మవరం పిల్ల. ఇన్నాళ్లూ బెంగళూరులో సూపర్‌వైజరు. ఈ రోజు నుంచి హిందూపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి ఏకంగా మేనేజరు! కాళ్లు భూమ్మీద ఆనడం లేదు. లోపల మాత్రం భయం.

"ముందున్నామెను తీసేసినారంట మేడమ్. కంప్యూటరు రాదు, ఇంగ్లీషు రాదు అని. దానికి టైలర్లంతా మిషన్లు ఆపి కూర్చున్నారు. ఈపొద్దు కూడా నడవకుంటే ఫ్యాక్టరీ ఎత్తేస్తారంట. అంతమంది పొట్ట కొట్టినదాన్నయితానేమో!"

"ఎట్ల మాట్లాడల్లో నీకెవురూ చెప్పలేదా?"

"టెన్షన్ తట్టుకునేది నేర్పేదానికి బెంగళూరు నుంచి కోచింగ్ మేడమును పంపిస్తామన్నారు..."

అంటూనే మంజు కళ్లు మెరిశాయి. "అయ్యో! మీరేనా మేడమ్?"

ఆవిడ అవుననలేదు, కాదనలేదు.

"ముందు ఆ ఇంగ్లీషు పక్కన పెట్టు. కుర్చీలో కూర్చోవద్దు. నేరుగా మిషన్ల నడుమకు పో. ముందున్నామెను ఒక్క మాట అనొద్దు. 'మీ బాధ తెలుసు, నాకు పని నేర్పండి' అను. అంతే."

"వినకుంటే?"

"వింటారు. కుట్టే చేతులు తల్లీ, ఊరికే ఉండలేవు."

హిందూపురంలో దిగారు.

"మీరూ వస్తారా మేడమ్?"

"ఆఫీసులో చిన్న పనుండాది. నువ్వు ముందర పో, నీ వెనకాలే వస్తా."

షెడ్డులో చీమ చిటుక్కుమంటే వినబడేట్టుంది. అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. మంజు నేరుగా మిషన్ల నడుమకు వెళ్లి నిలబడింది.

"అక్కా, ముందున్నామె కోసం మీ కడుపు మండతాంది. నాకు తెలుసు. ఆమె జాగాలో నిలబడేదానికి నాకూ భయమే. నాకు పని నేర్పండి."



ముందు వరుసలో టైలరు ఉలిగమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. పెడలు మీద కాలు పెట్టింది.

గర్రుమంది మిషను!

పక్కది. దాని పక్కది. చూస్తుండగానే షెడ్డంతా ఒకటే హోరు!

మంజుకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నిజంగానే వేసిందనుకోండి. ఆ గంతుతోనే ఆఫీసులోకి పరుగెత్తింది.

"మేడమ్, నడిచినాయి! అన్నీ నడిచినాయి!"

లోపల ల్యాప్‌టాప్‌తో ఎవరో కుర్రావిడ లేచి నిలబడింది. "హలో మంజూ, నేను మీ కోచ్‌ని. బస్సు లేటైంది, సారీ."

మంజుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గేటు దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, నీలం చీర మేడమ్ యాడ? నా వెనకాలే వచ్చింది కదా?"

వాచ్‌మన్ లక్ష్మన్న జేబులోంచి తాళాల గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇవి మీకిచ్చేదానికే వచ్చినాదమ్మా. లోపలికి రమ్మంటే రాలేదు. మిషన్ల సద్దు వినేదాకా ఈ గేటు కాడ్నే నిలబడి, కండ్లు తుడుచుకొని ఇప్పుడే ఆటో ఎక్కినాది, మీకు ముందున్న మేనేజరమ్మ."