పేరు లేని గిన్నె

లాండ్రీ షాపు వెనక నీలం వ్యాను పెట్టుకుని కూర్చునే ఆవిడ కుర్రాళ్లకు పొట్లాలు పంచుతోందట. పక్కింటి వాండాకు ఆ కబురు పోస్టాఫీసులో తగిలింది. వాండా చెవిన పడ్డాక ఆర్లీన్ గుమ్మానికి చేరడానికి ఎంతసేపు?

“ప్రతి గురువారం వస్తుందటే. పైగా ఊరకే ఇస్తుందట!”

“ఊరకేనా?”

“మొదట ఊరకే. రుచి మరిగాక పిండుకోవచ్చుగా!”

ఆర్లీన్ కొడుకు కోడీ బొగ్గుగనిలో నడుం విరగ్గొట్టుకుని నొప్పి మాత్రలు మొదలుపెట్టాడు. ఆ మత్తుకు అలవాటుపడి, మాత్రల తర్వాత మాత్రలు కానివి పట్టాడు. ఇప్పుడు మానేశానంటున్నాడు. ఆ మాట నమ్మిన రోజు ఆమెకు నిద్ర పట్టేది.

గురువారం రాగానే చర్చి వంటగదిలోంచి ఏప్రన్‌తోనే బయల్దేరింది.

వ్యానులో ఉన్నది తన ఈడు మనిషే. ముఖంలో బెదురు లేదు.

“ఏమమ్మా, మా పిల్లలకేం పంచుతున్నావు?”

“చూపిస్తా రండి. మీరూ ఒకటి ఉంచుకుంటే—”

“నాకూ అంటగడతావా! సిగ్గులేదూ? నీకు పిల్లల్లేరా?”

ఆవిడ చాపిన పొట్లం వెనక్కి తీసుకుంది.

ఆర్లీన్ షాపు వైపు తిరిగి కేకేసింది.

“డెల్బర్ట్! ఈ వ్యాను నీ స్థలంలో మళ్లీ కనపడిందో, చర్చి టేబుల్ గుడ్డలన్నీ పక్కూళ్లో ఉతికిస్తాం!”

డెల్బర్ట్ చేతులు తుడుచుకుంటూ వచ్చి వ్యానును పంపించేశాడు.

ఆ మరుసటి గురువారం సాయంత్రం కోడీ లాండ్రీ వైపు నుంచి ఉత్త చేతులతో వచ్చాడు.

“అమ్మా, నీలం వ్యాను ఆవిడ ఇవాళ రాలేదేంటి?”

“రాదు. నేనే తరిమేయించాను. నీకెందుకురా ఆవిడ?” ఆర్లీన్ గొంతు మారింది. “నీకూ ఆవిడే ఇస్తోందా?”

“నువ్వనుకునేది కాదులేవే,” అని వాడు మేడ మీదికి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున కాఫీకి పిలవడానికి వెళ్తే స్నానాల గదిలో నేల మీద ఉన్నాడు. పెదాలు నీలం. ఊపిరి ఇంకా కొంచెం ఆడుతోంది. కొండ మలుపులన్నీ తిరిగి అంబులెన్సు వచ్చేదాకా ఆర్లీన్ వాడి చెంపలు తడుతూ, పేరు పెట్టి పిలుస్తూ కూర్చుంది. ఆమె చేతిలో ఇంకేమీ లేదు.

ఆ లోయలో ఒక ఇంట్లో మనిషి పోతే పొయ్యి వెలిగించనివ్వరు. పొద్దుగూకేలోపు ఇరుగుపొరుగు తలా ఒక గాజుగిన్నెలో వండి తెస్తారు. తిరిగి ఎవరి గిన్నె వాళ్లకు చేరాలని అడుగున పట్టీ అంటించి పేరు రాస్తారు. ఊపిరితిత్తుల్లో బొగ్గుపొడి నిండి ఆర్లీన్ మొగుడు పోయినప్పుడు వచ్చిన గిన్నెలు ఫ్రిజ్‌లో పట్టక వాండా ఇంట్లో పెట్టారు.

కోడీ పోయినప్పుడు ఒక్కరూ తేలేదు.

ఆర్లీన్‌కు కోపం కూడా రాలేదు. ఇలా మత్తుతో పిల్లలు పోయిన ఇళ్లకు తానూ ఎన్నడూ పంపలేదు.

మూడోనాడు తలుపు తీస్తే మెట్టు మీద ఒక గిన్నె ఉంది. చికెనూ నూడిల్సూ కలిపి, పైన చీజు వేసి కాల్చింది. ఇంకా వేడిగా ఉంది. ఆర్లీన్ నిలబడే తిన్నది. కడిగి బోర్లించి చూస్తే అడుగున పట్టీ లేదు.

వాండాదే అయ్యుంటుందని తీసుకెళ్లింది.

“నాది కాదే.” వాండా చూపు దించుకుంది. “తెద్దామనే అనుకున్నా. మా ఆయన… ఏదోలే. పెడుతుంటే చూశాను. నీలం వ్యాను.”

“చూసి చెప్పవేం?”

“చెబితే పారేస్తావు. ఆ నాలుగు మెతుకులూ తినకపోతే పడిపోయేలా ఉన్నావు.”

ఇద్దరూ కలిసే ఆ వ్యాను కోసం వాకబు చేసుకుంటూ వెళ్లారు. వంతెన అవతల చిన్న ఇల్లు, ముందు నీలం వ్యాను. తలుపు తీసే ఉంది. లోపల బల్ల చుట్టూ ఊదారంగు చొక్కాల్లో ఆడవాళ్లు పొట్లాలు కడుతున్నారు. ఒక్కో చొక్కా మీద ఒక్కో పిల్లదో పిల్లవాడిదో నవ్వుతున్న ఫొటో, కింద పుట్టిన సంవత్సరమూ చనిపోయిన సంవత్సరమూ.

వ్యాను ఆవిడ లేచి వచ్చింది. ఆవిడ చొక్కా మీద పక్కపాపిడి తీసిన అమ్మాయి.

“నా పేరు రెటా. ఇది మా హేలీ,” అంది. “గిన్నె తేనక్కర్లేదమ్మా. ఇలాంటి ఇళ్లకు మేమే వంతులవారీగా వండుతాం. పేరు రాస్తే కొందరు తినరు.”

ఆర్లీన్ చూపు బల్ల మీదే ఉంది.

“ఆ పొట్లాల్లో ఏముంది?”

“ముక్కులో కొట్టే మందు. మత్తు ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే మనిషిని వెనక్కి తెస్తుంది. మా హేలీ పక్కన ఆ రోజు ఇది లేదు. ప్రతి కొట్లోనూ ఉంచండని కౌంటీ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాం. వాళ్లు ఒప్పుకునేదాకా ఈ వ్యానే.”

“మా కోడీ నీ దగ్గరికి…”

“ఒకటి తీసుకున్నాడు. దాంతో ఏటి గట్టున పడిపోయిన స్నేహితుణ్ణి బతికించాడు. ఫోను చేసి ఇంకొకటి కావాలన్నాడు. అది మా అమ్మ చేతిలో పెడతాను, ఎలా కొట్టాలో నేనే నేర్పుతాను అన్నాడు. గురువారం వచ్చి తీసుకోమన్నాను.”

ఆర్లీన్ గిన్నె బల్ల మీద పెట్టేసింది. వాండా ఆగలేకపోయింది.

“మరి ఆ గురువారం వచ్చి ఇచ్చి చావొచ్చుగా!”

రెటా ఇద్దరి వంకా చూసింది.

“మీరు రానిస్తేగా!”