ఇద్దరూ నిలబడి ఉన్నంతసేపు

"చెల్లెల్ని ఇంట్లో దాచిపెట్టి, ఇక్కడ వీరుడి వేషమా కోచ్‌గారూ?"

మూడో రౌండ్‌లో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని తాళ్ళ మీద వాలినప్పుడు వెల్డరు అతని చెవిలో అన్న మాట అది. నోట్లో పళ్ళ తొడుగు అడ్డుపడినా ప్రతి అక్షరమూ వినబడింది. కోచ్‌కి ఒక్క క్షణం చేతులు ఆడలేదు. ఆ తర్వాత ఆడాయి. మొదటి గుద్దుకే వెల్డరు కనుబొమ చిట్లి రక్తం కంట్లోకి దిగింది.

అప్పటిదాకా జరిగింది ఉత్త తోపులాట. హెచ్ఐవీకి జన్యు చికిత్స మీద పనిచేసే ఒక చిన్న పరిశోధనశాల కోసం విరాళాలు పోగుచేసే బాక్సింగ్ పోటీ అది. రోజూ మింగే మాత్రలు ఆ వైరస్‌ని అణిచి ఉంచుతాయే గానీ ఒంట్లోంచి తీసెయ్యలేవు. మనిషి రక్తకణాల్లోనే చిన్న మార్పు చేసి, వైరస్ వాటిలోకి దూరకుండా చెయ్యాలని అక్కడి డాక్టరమ్మ పట్టుదల. తీరా మనుషుల మీద పరీక్షించే దశకి వచ్చేసరికి నిధులు ఆగిపోయాయి. ఆ పరీక్షకి ఒప్పుకున్నవాళ్ళలో కోచ్ చెల్లెలు ఉంది.

దాతలు కొందరు కలిసి ఓ షరతు పెట్టారు. ఇద్దరూ కాళ్ళ మీద నిలబడి ముగించిన ప్రతి రౌండ్‌కీ విరాళం. రౌండ్ పెరిగేకొద్దీ విరాళమూ పెరుగుతుంది. ఎవరైనా పడి లేవకపోతే అక్కడితో సరి. అందుకే ఒకప్పటి ఛాంపియన్ అయిన కోచ్, పసిపిల్లాడికి నలుగు పెట్టినట్టు సుతారంగా కొడుతూ వచ్చాడు. ఎదుటివాడు ఎవరో షెడ్డులో వెల్డింగ్ చేసుకునే మనిషి, తనంతట తానే వచ్చి పేరిచ్చాడట. అతన్ని కోచ్ చూడటం ఆరోజే. రెండో రౌండ్ అయ్యేసరికి ముందు వరసలో ఉన్న దాత ఒకాయన "ఇది ఆటా, నాటకమా?" అంటూ కారు తాళాలు తడుముకున్నాడు. ఇంకో ఇద్దరు లేచారు కూడా.

ఇప్పుడు మళ్ళీ కూర్చున్నారు.

నాలుగో రౌండ్‌లో కోచ్ గుద్దు వెల్డరు డొక్కలో దిగింది. లోపల ఏదో విరిగిన సంగతి కోచ్ పిడికిలికి తెలిసింది. వెల్డరు మోకాలి మీద కూలాడు. రిఫరీ లెక్క మొదలుపెట్టాడు.

"లేవకు" అనుకున్నాడు కోచ్ పళ్ళు కొరుకుతూ. అంతలో చెల్లెలి మొహం గుర్తొచ్చింది. వీడు లేవకపోతే దాని వైద్యం ఇక్కడితో ఆగిపోతుంది. లే, లేరా వెధవా.

వెల్డరు తాడు పట్టుకుని లేచాడు. రిఫరీ అతని కళ్ళలోకి చూసి "చాలిస్తావా?" అన్నాడు.

"ఇప్పుడేగా ఒళ్ళు వేడెక్కింది" అన్నాడు వెల్డరు.

విరామంలో డాక్టరమ్మ కోచ్ దగ్గరికి పరుగున వచ్చింది. "ఇక ఆపేయండి. ఒకరి ఎముకలు విరగ్గొట్టి తెచ్చిన డబ్బు నాకొద్దు."

"నాకు చెప్తారేం? వాడికి చెప్పండి."

"చెప్పాను. మీ పరిశోధన మీరు చూసుకోండి, నా ఎముకలు నేను చూసుకుంటానన్నాడు."

అయిదో రౌండ్‌లో కోచ్ కోపం సగం చల్లారింది. ఆఖరి రౌండ్‌కి అసలు లేకుండా పోయింది. ఎదుట నిలబడినవాడికి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెదవి రెండుగా చీలింది. ఊపిరి తీసినప్పుడల్లా ఒక పక్కకి వంగిపోతున్నాడు. వాడన్న మాట మాత్రం ముల్లులా లోపలే ఉంది. నిజంగానే చెల్లెల్ని ఏ పెళ్ళికీ తీసుకెళ్ళలేదు తను. చుట్టాలొస్తే లోపలి గదిలోకి వెళ్ళమనేవాడు. దాని మంచికే అనుకున్నాడు.

కోచ్ చేతులు దించేశాడు. వెంటనే వెల్డరు గుద్దు అతని ముక్కు మీద పడింది. నోరంతా ఉప్పగా అయింది.

"దించకండి. వాళ్ళు చూస్తున్నారు" అని గొణిగాడు వెల్డరు.

గంట మోగేసరికి ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి, కిందపడకుండా పట్టుకుని ఉన్నారు. హాలంతా లేచి నిలబడింది. మైకులో పూర్తి విరాళం ప్రకటించారు. డాక్టరమ్మ మొహం కప్పుకుని కుర్చీలోనే ఉండిపోయింది.

బట్టలు మార్చుకునే గదిలో వెల్డరు బల్ల మీద పడుకుని ఉన్నాడు. అంబులెన్సు కోసం ఎదురుచూస్తున్నారు. కోచ్ తలుపు వేసి, ముక్కుకి గుడ్డ అదుముకుంటూ పక్కనే నిలబడ్డాడు.

"ఆ మాట ఎందుకన్నావు?"

"అనకపోతే మీరు కొట్టేవారా? మనుషులు లేచి వెళ్ళిపోతున్నారక్కడ."

"ఇంకో గుద్దు పడితే చచ్చేవాడివి, తెలుసా?"

"తెలుసు. మీ గుద్దు సంగతి ముందే విన్నాను."

"ఎవరు చెప్పారు?"

వెల్డరు డొక్క అదుముకున్నాడు. కోచ్ గొంతు తగ్గించాడు. "అసలు నా చెల్లెల్ని దాచిపెట్టానని నీకెలా తెలుసు? నా చెల్లెలికి నయమైతే నీకేంటి, కాకపోతే నీకేంటి?"

వెల్డరు తెరుచుకున్న ఒక్క కంటితో అతన్ని చూసి, చీలిన పెదవితోనే నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు.

"మేం పెళ్ళి చేసుకున్న సంగతి ముందే చెప్పుంటే, మీకు నా మీద చెయ్యి లేచేదా బావగారూ?"