అంతా బాగానే ఉంది సార్

“నిద్ర బాగా పడుతోందా?” కాగితం మీంచి తలెత్తకుండానే అడిగాడు సైనిక ఆసుపత్రి డాక్టరు.

“పడుతోంది సార్,” అన్నాడు సెలవు ముగిసిన సైనికుడు.

పక్క కుర్చీలో ఉన్న భార్యకు ఒళ్ళు మండిపోయింది. “అబద్ధం డాక్టరుగారూ! ఈయన మంచం మీద పడుకోక నెల దాటింది. గోడకి ఆనుకుని తెల్లార్లూ గుమ్మం వైపే చూస్తూ కూర్చుంటారు.”

“నేల చల్లగా ఉంటుందని సార్,” నవ్వాడతను.

ఆ నవ్వు చూసి ఆమెకు ఏడుపొచ్చింది. ఇంట్లో ఆ పళ్ళు కనబడి ఎన్నాళ్ళయిందో!

“కోపం వస్తోందా?”

“అస్సలు లేదు సార్.”

“మొన్న గాలికి తలుపు కొట్టుకుంటే పాపని లాక్కుని బల్లకింద దూరారండీ. అది ఏడుస్తుంటే నోరు నొక్కేశారు. ఊపిరాడక పిల్ల ముఖం కందిపోయింది. ఆ తర్వాత రెండ్రోజులు ఈయన అన్నం ముట్టలేదు. చీమకి కూడా హాని తలపెట్టని మనిషి! ఇప్పుడు కన్నకూతురే ఈయన్ని చూసి నా వెనక నక్కుతోంది.”

“ఆవిడ కొంచెం కంగారు మనిషి సార్.”

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “చేతులు చాపు.”

చాపాడు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు సగం ఒలకబోసే చేతులు అక్కడ కొయ్యల్లా నిలబడ్డాయి. మెడమీద నరం ఒక్కటే ఉబ్బింది. డాక్టరు అది గమనించలేదు. కాగితం మీద టప్‌మని ముద్ర పడింది: ‘విధులకు అర్హుడు’.

వరండాలోకి రాగానే అతని చేతులు గజగజ వణికాయి. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

“ఒక్క ముక్క నిజం చెబితే ఇంటిదగ్గరే ఉంచేవారు కదా! మేమంటే అంత వెగటు పుట్టిందా మీకు?”

“మెల్లగా మాట్లాడు.”

“మాట్లాడను, అరుస్తాను! ఈ చేతులతో మందుపాతరలు ఎలా తీస్తారు? ఏదీ, చెప్పండి!”

అతను రెండు చేతులూ జేబుల్లోకి దోపుకున్నాడు.

“ఆ పని మా దళంలో ఇద్దరికే వచ్చు,” అన్నాడు. “నేను ఆగిపోతే వెళ్ళేది మీ తమ్ముడే.”