పసుపు రంగు అక్షరాలు

"ఇవేం అక్షరాలమ్మా? నేను వార్తలు చదవాలా, బస్సు బోర్డులు చదవాలా?"

పొద్దుటి ఏడు గంటల వార్తలకు ఇంకా నాలుగు నిమిషాలే ఉన్నాయి. న్యూస్‌రీడర్ కెమెరా ముందున్న అద్దం వంక వేలు చూపించి అరిచాడు. రోజూ ఆ అద్దంలో తెల్లగా పైకి జరిగే వార్తల వరసలు ఇవాళ నల్లటి తెర మీద పసుపు రంగులో, లావుగా, ఎడం ఎడంగా నిలబడి ఉన్నాయి.

ఆ వరసల్ని నడిపే ప్రాంప్టర్ దగ్గర కూర్చున్న ఆవిడ ఈ సీట్లోకి వచ్చి వారమే అయింది. ఆవిడ బెదరలేదు.

"ఫాంటు కూడా మార్చాను సార్. ఒక్క బులెటిన్ ఇలా చదివి చూడండి."

"పాతదే పెట్టు. లోపల డైరెక్టర్ చూశాడంటే నాకు చూపు తగ్గిందనుకుంటాడు. ఈ కుర్చీ కోసం ఇద్దరు కాచుక్కూచున్నారు."

"తగ్గలేదా సార్?"

"నిక్షేపంలా ఉంది!"

"మరి నిన్న గాలివానకు వేల ఎకరాల్లో వంట నాశనమైందన్నారు?"

ఆయన చూపు అద్దం మీదికి తిప్పుకున్నాడు. నిన్న ఆ 'ప' ఎంత కళ్ళు చిట్లించినా 'వ' లాగే కనిపించింది. ఆ ముక్క ఎవరి చెవినా పడలేదనే ఇంతసేపూ అనుకుంటున్నాడు.

"ఇప్పుడు మార్చడం మొదలుపెడితే వార్తల మధ్యలో అద్దం ఖాళీ అయిపోతుంది సార్. తర్వాత మీ ఇష్టం," అంది ఆవిడ.

అది నిజమో, బెదిరింపో తేల్చుకునేలోపే లోపలి గదిలోంచి లెక్క వినబడింది. ఐదు, నాలుగు, మూడు...

మొదటి వార్త భయంభయంగా మొదలుపెట్టాడు. రెండో వార్తకు ముడిపడ్డ కనుబొమలు విడిపోయాయి. మూడో వార్తకు వీపు కుర్చీకి ఆనింది. పంట పంటలాగే ఉంది, వంతెన వంతెనలాగే ఉంది. ఏ మాటా ఊహించుకుని చదవాల్సిన పని లేదు. చివర్లో జూలో పుట్టిన కవల ఎలుగుబంటి పిల్లల వార్త వచ్చింది. తల్లి వాటిని తోసుకుంటూ తిరుగుతోందని చదువుతూ ఉంటే, ఎన్నాళ్ళనుంచో స్టూడియో మొహం చూడని నవ్వొకటి వచ్చి ఆయన పెదాల మీద కూర్చుంది.

దీపాలు ఆరగానే జేబులో ఫోన్ మోగింది. భార్య.

"ఏమిటండీ ఇవాళ, ఎదురుగా కూర్చుని నాతోనే మాట్లాడుతున్నట్టున్నారు? పక్కింటావిడ కూడా అదే మాట. పదేళ్ళు వెనక్కి వెళ్ళారట!"

ఫోన్ పెట్టేసి, గుండెల నిండా గాలి పీల్చుకుని, రెండు కప్పుల కాఫీ పట్టుకుని ప్రాంప్టర్ దగ్గరికి వెళ్ళాడు. ఒక కప్పు ఆవిడ ముందు పెట్టి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, పొద్దున్నే నీ మీద నోరు పారేసుకున్నాను, ఏమీ అనుకోకు. నా కళ్ళ సంగతి నీకెలా తెలిసిందో అడగను. ఆ పసుపు రంగు రేపు కూడా ఉంచు. కానీ నీకు దండం పెడతాను, ఇది మాత్రం మనిద్దరి మధ్యే ఉండాలి."

ఆవిడకి నవ్వాగలేదు. కాఫీ పొలమారినంత పనైంది.

"మనిద్దరి మధ్యేనా సార్? ఈ సీట్లోకి ఎవరొచ్చినా డైరెక్టర్ గారు మొట్టమొదట చెప్పేదే ఆ మాట. 'ఏటా ఆయన పుట్టినరోజు రాగానే అక్షరం సైజు రెండు పాయింట్లు పెంచండి, ఆయనకి మాత్రం చెప్పకండి' అని. పదకొండేళ్ళుగా పెంచుతూనే ఉన్నారు. ఈ ఏడు అద్దంలో ఇంక చోటు లేక, నేను రంగు మీద పడ్డాను!"