నేల మీది చుక్క

పొద్దున్నే వంటింటి గోడ మీద సముద్రాన్ని చూశాకే ఆ పేటలో ఆడవాళ్ళు పొయ్యి వెలిగిస్తారు. ఆ గోడే తెర, దాని మీద పడవకొక చుక్క. నూకరత్నం చేపలు తోముతూ ఎంత వెతికినా మొగుడు పోలయ్య చుక్క కనపడలేదు.

"తప్పు చుక్కలు తీసేశానండీ," అంది గోడ. "నీళ్ళలో ఉన్న పడవలన్నీ ఉన్నాయి."

"తీసేసినయ్యి కూడా చూపెట్టు."

పటంలో నేల మీద ఒకే ఒక్క చుక్క వెలిగింది.

"పడవ నేల మీద ఉండదు కదండీ, అందుకే తీసేశాను."

ఐసు ఫ్యాక్టరీ వీధి, మలుపులో రెండో ఇల్లు. వాళ్ళ పాతిల్లు. ఆ వీధిని సముద్రం మింగేసి ఏళ్ళయింది, తెర వాడే పటం మాత్రం ఇంకా పాతదే. కూలిన గోడల సందుల్లో చేపలు ముసురుతాయని పోలయ్య అక్కడే వల వేస్తాడు, వద్దన్నా వినడు. వల గోడలకు పట్టేస్తే విడిపించడానికి నీళ్ళలోకి దూకుతాడు.

మిగతా చుక్కలన్నీ ఒడ్డుకు వస్తున్నాయి. అదొక్కటే కదలడం లేదు.

నూకరత్నం మరిదికి ఫోన్ చేసింది. "అప్పన్నా, బేగా పడవ తియ్యి. మీ అన్న రాలేదు."

"ఎక్కడున్నాడొదినా?"

ఆమె కదలని ఆ చుక్క వైపు చూసింది.

"మన పాతింట్లో."