వెనక బరువు

నూకాలమ్మ చేతిలో అన్నం కేరేజీతో గూడ్స్ షెడ్డు గేటు దాటి లోపలికి వస్తోంది. వెంట ఖరిదా బస్తీలో ఉండే ఆమె వదిన అప్పలనర్సమ్మ. వాళ్ళను చూడగానే, ఫోర్కు లిఫ్టు బండి వెనక కూర్చున్న దేముడికి పై ప్రాణాలు పైనే పోయాయి. నూకాలమ్మ అతని పెళ్ళాం.

బండి ముందున్న ఇనుప కొమ్ముల మీద, చెక్క పీటతో సహా, వర్క్‌షాపుకు పోవలసిన ఇనుప సామాను పెట్టె మనిషెత్తున లేచి ఉంది. సీట్లో డ్రైవరు తీతు. దేముడు కూర్చున్నది వెనక, ఇంజను మూత మీద. అక్కడ స్టీరింగు లేదు, మీట లేదు. ఉన్న పని ఒక్కటే, కూర్చోవడం. ముందు బరువు ఎక్కువైతే బండి వెనక చక్రాలు గాల్లోకి లేస్తాయి. అలా లేవకుండా ఉండటానికి షెడ్డు మొత్తంలో లావుపాటి హమాలీని ఏరి ఎక్కించారు. రెండేసి బస్తాలు మోసిన మనిషిని చివరికి బస్తాను చేసి కూర్చోబెట్టారు.

ఇంట్లో మాత్రం, "దొర నన్ను మిషన్ డూటీలో ఏసినాడే," అని చెప్పుకున్నాడు. నూకాలమ్మ డ్రైవరనుకుంది. అతను అనుకోనిచ్చాడు. మూడు నెలలుగా తాముండే రైల్వే ట్రాఫిక్ కాలనీలో ఆమె తల ఎత్తుకు తిరగడమే ఒక వేడుక.

"అదిగో వదినా, అదే మిషను," నూకాలమ్మ గొంతు షెడ్డంతా వినబడింది. "మా ఇంటాయన తోలేది అదే. మూటలు మోసీవోడని ఎక్కిరించినావు గదా, ఇప్పుడు సూడు!"

దేముడికి చెమటలు పట్టాయి. ఇంకో పది అడుగులు వేస్తే వాళ్ళు పెట్టె చాటు దాటి తనను చూసేస్తారు. ముందూ వెనకా ఆలోచించలేదు. గభాలున కిందికి దూకి, పక్కనున్న జనపనార బేళ్ళ వెనక నక్కాడు.

బండి వెనక భాగం లేచింది. కొమ్ములు ముందుకు వాలాయి. పెట్టె జారి, దభేల్మని ప్లాట్‌ఫారం అంచున పడి, పక్కన ఆగి ఉన్న గూడ్సు రైలు వ్యాగను తలుపుకు అడ్డంగా ఒరిగింది. అక్కడే నిలబడ్డ ముసలి హమాలీ తవిటయ్య కాలు లాక్కోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే పాదం నుజ్జయ్యేదే.

సూపర్వైజరు అచ్యుతరావు పరుగెత్తుకొచ్చాడు.

"తీతూ! కళ్ళు నెత్తికెక్కాయా? మనిషి చచ్చేవాడు! రేపటి నుంచి నువ్వు బండెక్కక్కర్లేదు. రిపోర్టు రాసేస్తున్నాను."

"నాను ఏటీ సెయ్యలేదండి," అన్నాడు తీతు. "బండే లెగిసిపోనాదండి."

"బండి దానంతట అదే లేస్తుందా?"

తీతు వెనక్కి తిరిగి చూశాడు. బేళ్ళ సందులోంచి దేముడి కళ్ళు కనబడ్డాయి. ఏదో చెప్పబోయాడు. అంతలో నూకాలమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమెను చూసి తీతు నోరు మూసుకున్నాడు.

దేముడికి సిగ్గుతో చితికిపోయినట్టయింది. ఇంత మనిషి, బేళ్ళ వెనక దాక్కుని, తన తప్పు ఇంకొకడి నెత్తిన పడుతుంటే గుడ్లప్పగించి చూస్తున్నాడు. పైగా వాడు తన పరువు కోసం నోరు కట్టేసుకున్నాడు. ఇక ఉండలేక బయటికి వచ్చాడు.

"తీతుది తప్పు కాదు బాబూ. వెనక నాను కూకున్నాను. నానే దూకేసినాను."

"ఎందుకు దూకావు?"

"మా ఆడోళ్ళొచ్చినారు బాబూ." దేముడు తల ఎత్తలేదు. "నాను డ్రైవర్ని కాదు నూకాలూ. వెనక బరువుని. బండి లెగకుండా కూకుంతాను, అంతే. నువ్వు సూస్తే సిన్నతనమని దూకేసినాను."

అప్పలనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో హమాలీ, "అరే దాదా!" అని కిసుక్కున నవ్వాడు. నూకాలమ్మ మాత్రం కేరేజీ పట్టుకుని మొగుడి వంకే చూస్తూ నిలబడింది. ఆమె నాలుగు తిట్టినా బాగుండుననిపించింది దేముడికి.

"మీ ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండి," అచ్యుతరావు విసుక్కున్నాడు. "అవతల ఇంజను కూతలు పెడుతోంది. ముందు పెట్టె ఎత్తండి, జల్దీ! దేముడూ, పోయి కూర్చో. నీ సంగతి తర్వాత చూస్తాను."

దేముడు వెళ్ళి కూర్చున్నాడు, ఈసారి పెళ్ళాం కళ్ళెదుటే. తీతు కొమ్ములు దూర్చి మీట లాగాడు. పెట్టె కొమ్ముల చివరనే అందడంతో బరువు మరీ ముందుకు పడింది. వెనక చక్రాలు మళ్ళీ లేచాయి, దేముడితో సహా. తీతు గబగబా దించేశాడు.

"సాల్దండి. ఇంకో మనిషి కావాలండి."

"ఎవరన్నా ఎక్కండర్రా!" అచ్యుతరావు చుట్టూ చూశాడు.

ఎవరూ కదల్లేదు.

"ఈడి పక్కనా?" తవిటయ్య కాలు తడుముకుంటూ అన్నాడు. "మళ్ళీ ఎవలో సుట్టాలొస్తారు, ఈడు దూకేస్తాడు. ఈణ్ణి నమ్మి ఎవలెక్కుతారు బాబూ?"

పదేళ్ళు తనతో కలిసి భుజం పట్టిన మనుషులు వాళ్ళు. ఇందాక నవ్వినప్పుడు రాని కన్నీళ్ళు ఈ మాటకు వచ్చాయి దేముడికి. తుడుచుకోవడానికి కూడా మొహం చెల్లక అలాగే కూర్చున్నాడు.

అతని పక్కన ఇంజను మూత కిర్రుమంది. నూకాలమ్మ కేరేజీ వదిన చేతిలో పెట్టి, కొంగు బొడ్లో దోపి, బండెక్కి మొగుడి పక్కన చతికిలబడింది. అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఎత్తు తీతూ," అంది. "ఈపాలి దూకనివ్వను."