ఆకుపచ్చ గుమ్మటం

"మీ అన్నను పొట్టన పెట్టుకున్నవాడికి మేడ కట్టడానికి నీకు చేతులెలా వస్తున్నాయి, జీలాలీ?"

మన్నానా పళ్లెం విసురుగా పెట్టింది. మేస్త్రీ పని చేసే మరిది తలెత్తకుండా రొట్టె తుంచుకున్నాడు.

"పని పనే కదా వదినా."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆమె భర్త అల్లాల్‌ను జైల్లో వేయించింది ఆ ఫ్రెంచి దొర గార్నియెనే. లోపలే పోయాడన్నారు. శవాన్ని ఇమ్మంటే గేటు దగ్గర్నుంచే తరిమేశారు. కూర్చుని ఏడవడానికి గోరీ అయినా లేదు ఆ ఇల్లాలికి. ఇప్పుడా జైలును ఆనవాలు లేకుండా పడగొట్టించి, అదే స్థలంలో దొర బంగళా లేపుతున్నాడు. అదీ మూర్ల పద్ధతిలో, అంటే ఆ దేశస్థుల సొంత పద్ధతిలో. మొరాకోలో కచేరీలూ పోస్టాఫీసులూ అన్నీ ఫ్రెంచివాళ్లిప్పుడు అలాగే కడుతున్నారు మరి.

"మన వేషం కట్టి మన నెత్తినే కూర్చుంటారు" అంది మన్నానా. "పారిస్‌లో గీసిన పటంలో గుమ్మటం లేదటగా. నువ్వెందుకు పెట్టావు?"

"ముందుగది మీద గుమ్మటం, దానికి ఆకుపచ్చ పెంకులు ఉంటేనే అసలైన మూర్ల మేడ అన్నాను. దొర మురిసిపోయాడు."

"చాల్లే, సిగ్గులేని బతుకు."

దొర బంగళాలో దిగిన రోజే ఆడవాళ్లు ముందుగదిలోకి చొరబడి కొవ్వొత్తులు వెలిగించారు. తెల్లగోడల మీద పచ్చ గుమ్మటం కనిపిస్తే అక్కడ ఎవరికైనా అది దర్గాయే. పైగా దాని కింద ఎవరో పుణ్యపురుషుడు ఉన్నాడని ఊరంతా గుప్పుమంది. దొర గెంటించాడు. మర్నాడు పల్లెలకు పల్లెలే కదిలొచ్చాయి. గొడవలవుతాయని పైదొరలు హడలిపోయారు. దర్గాల్లో తెల్లవాడెవడూ అడుగు పెట్టకూడదన్నది వాళ్లు చేసిన శాసనమే. గార్నియె పెట్టేబేడాతో వీధిన పడ్డాడు, అక్కణ్నుంచి ఎడారి అంచు ఠాణాకు పోయాడు.

మన్నానాకు కడుపు చల్లబడింది. కొవ్వొత్తి పట్టుకుని బంగళాకు వెళ్లేసరికి జీలాలి ముందుగదిలో ఒక్కడే ఉన్నాడు.

"ఆ పుకారు నీదేనా?"

"నాదే."

"నోటికొచ్చినట్టు తిట్టాను నిన్ను. మనసులో పెట్టుకోకు. వాడి కొంప భలే ముంచావు." గొంతు తగ్గించింది. "కానీ ఉత్త నేలకు ఇంతమంది చేత మొక్కించావు. తప్పు కాదూ?"

జీలాలి కొవ్వొత్తి అందుకుని నేల మీద నిలబెట్టాడు.

"పునాది తవ్వింది నేనే వదినా."

"అయితే?"

"అన్నయ్య ఇక్కడే ఉన్నాడు."